కడిగిన ఫోటో

నేను నోరు విప్పితే కోతలే అంటుంది మనవరాలు. ఇది మాత్రం కోత కాదు.

మా స్టూడియోలో ఫోటోలు అచ్చువేసేది నేను, కాగితానికి పట్టిన మందు వదిలేదాకా తొట్టి ఊపుతూ నీళ్లలో కడిగేది మా ఆవిడ. సరిగా కడగకపోతే కాగితం పచ్చబడిపోతుంది. ఆవిడ కడిగినది ఒక్కటీ పచ్చబడలేదు.

ఆవిడ పోయిన ఏడాదికి, మా ఇద్దరి ఫోటోను మనవరాలు కంప్యూటర్లోకి ఎక్కించింది. తెల్లగా ఉంటే పాతదని ఎవరూ నమ్మరట. మూలల్లో పసుపు మరకలు దిద్దింది.

“మీ అమ్మమ్మ చూస్తే చెవి మెలిపెడుతుంది,” అన్నాను.

“పాతబడితేనే అందం తాతయ్యా, నీలాగ!” అని నవ్వి పడుకుంది.

ఆ రాత్రి, ఒకప్పుడు మేం ఫోటోలు కడిగిన చీకటిగదిలో నీళ్ల చప్పుడు వినిపించింది. ఆ గది కుళాయి ఎండిపోయి పదేళ్లు. ఎవరో తొట్టిని అటూ ఇటూ ఊపుతున్నారు, అచ్చం ఆవిడ ఊపినట్టే. కాసేపటికి ఆగిపోయింది. నేను కదలలేదు.

పొద్దున తెర మీద ఫోటో తెల్లగా ఉంది. బల్లంతా తడి.

“మరకలు నువ్వే చెరిపావు కదూ?”

“నాకు మౌస్ పట్టుకోవడమే రాదు కదే!”

పిల్ల బల్ల దగ్గర్నించి వెనక్కి జరిగింది. “భయమేస్తోంది తాతయ్యా. ఫైలు తీసేస్తాను.”

“తీసెయ్యకే తల్లీ. ఈసారి మరకలు ఇంకాస్త ఎక్కువ పెట్టు. రాత్రి తొందరగా కడిగేసి వెళ్లిపోయింది.”