గెంతనివాడు

"గెంతు తాతా, అందరూ గెంతుతున్నారుగా," అన్నాడు విల్‌ఫ్రీదో.

ముసలాయన గెంతలేదు. గడ్డి టోపీ ఒకసారి తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

పదిహేడేళ్ళలోపు కుర్రాళ్ళ దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ పోటీ అది. రాజధాని అసున్సియోన్‌లో, సొంత మైదానంలో, పరాగ్వే పిల్లలు బ్రెజిల్ పిల్లల మీద అప్పుడే గోల్ కొట్టారు. గెలిస్తే పరాగ్వే ప్రపంచ కప్పుకి వెళ్తుంది. సమమైతే బ్రెజిల్ వెళ్తుంది.

గోల్ కొట్టింది పదో నంబరు, తోబియాస్ చమోరో. కొట్టగానే ఈ స్టాండు వైపు తిరిగి చెయ్యెత్తాడు.

"మనకే ఎత్తాడు," అన్నాడు విల్‌ఫ్రీదో డప్పు మోగిస్తూ. "సరిహద్దు ఊళ్ళో పుట్టాడని పేపరోళ్ళు వీణ్ణి సగం బ్రెజిల్ వాడన్నారు. ఇప్పుడు రాయమను చూద్దాం."

ముసలాయన ఆ మాట విని తల దించుకున్నాడు.

ఆ స్టాండుకి ఒక పాట ఉంది. 'గెంతనివాడు బ్రెజిల్ వాడు' అని. అది మొదలైందంటే చంటిపిల్లల తల్లులైనా గెంతాల్సిందే.

ఈసారి పాట ముసలాయన చుట్టూ మొదలైంది.

"కాళ్ళు బాగోలేవు నాయనా," అన్నాడాయన.

"నాకు మాత్రం బాగున్నాయా? మోకాళ్ళు అరిగిపోయాయి. గెంతట్లేదూ?"

విల్‌ఫ్రీదో పెళ్ళాం నిల్దా చెవి రిక్కించింది.

"ఏమయ్యోయ్, ఈయన మాట విన్నావా? బ్రెజిల్ వాళ్ళ పోర్చుగీసు యాస కొడుతోంది."

"ఏ ఊరు తాతా నీది?"

"దూరం."

"ఎవరి కోసం వచ్చావ్?"

ముసలాయన నోరు తెరిచాడు. అందరి మొహాలూ చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే బ్రెజిల్ గోల్ కొట్టింది.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి ఇప్పుడు గడ్డి టోపీ కూడా ఉంది.

"వీడి శకునమే," అంది నిల్దా. చేతిలో ఉన్న తెరెరే అనే చల్లటి ఆకు కషాయం కూజా, ఐసు ముక్కలతో సహా, ఆయన నెత్తి మీద గుమ్మరించింది.

జనం పగలబడి నవ్వారు. చెడ్డవాళ్ళేం కాదు, విడివిడిగా చూస్తే అందరూ మంచివాళ్ళే. వర్షం పడితే పక్కవాడికి గొడుగు పట్టే రకం.

ముసలాయన మొహం తుడుచుకున్నాడు.

"ఆట అయ్యేదాకా ఈ సీట్లో ఉండనివ్వండి. తర్వాత మీ ఇష్టం."

"ఈ సీటే ఎందుకో?"

"ఇక్కడైతేనే కనిపిస్తాను."

"ఎవరికి?"

ముసలాయన మైదానం వైపు తిరిగాడు.

"నేను చెప్తా," అన్నాడు వెనకనించి ఒకడు. "ఇందాకట్నించీ చూస్తున్నా. టోపీ తీస్తాడు, పెడతాడు. బ్రెజిల్ కోచ్‌కి సైగలు చేస్తున్నాడు."

ఇంకేం కావాలి? విల్‌ఫ్రీదో ఒక చంక కింద, వాడు ఇంకో చంక కింద చేతులు వేసి లేపారు. ముసలాయన బెంచీ పట్టుకుని వదల్లేదు. నిల్దా ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ ఊడదీసింది.

"చూడు మొండితనం. ఒక్కడుగు తనంతట తాను వెయ్యడే," అన్నాడు విల్‌ఫ్రీదో రొప్పుతూ.

మెట్ల మీద ఆయన బూటు ఒకటి ఊడిపడింది. ఎవడో దాన్ని డప్పు పుల్లకి తగిలించి ఊపి, మళ్ళీ మెట్ల మీద పడేశాడు. స్టాండంతా చప్పట్లు కొట్టింది.

గేటు కాపలావాడు అడిగాడు, "తాగాడా?"

"బ్రెజిల్ వాడు."

"ఓహో," అని గేటు తీశాడు.

ఆయన్ని బయట గోడకి ఆనించి వచ్చారు. ఆయన తిట్టలేదు, ఏడవలేదు. "ఒక్కసారి లోపలికి తీసుకెళ్ళండయ్యా," అంటూనే ఉన్నాడు. గేటు పడింది.

తిరిగొచ్చేసరికి స్టాండు ఊగిపోతోంది. ఆఖరి నిమిషాల్లో పరాగ్వేకి పెనాల్టీ దొరికింది.

"చూశారా? శని వదిలింది," అన్నాడు విల్‌ఫ్రీదో.

తోబియాస్ బంతి పెట్టాడు. నాలుగడుగులు వెనక్కి వేశాడు. తలెత్తి ఈ స్టాండు వైపు చూశాడు.

"మనల్నే చూస్తున్నాడు." విల్‌ఫ్రీదో జెండా ఊపాడు.

కుర్రాడు ఇంకా చూస్తున్నాడు. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని వెతికాడు. రిఫరీ ఈల వేశాడు. రెండోసారీ వేశాడు.

అప్పుడు కొట్టాడు. బంతి గోల్ మీదుగా వెళ్ళి ఎక్కడో పడింది.

ఆట సమమైంది. బ్రెజిల్ పిల్లలు గెంతారు.

"సగం బ్రెజిల్ వాడే," అన్నాడు విల్‌ఫ్రీదో. కళ్ళల్లో నీళ్ళు, నోట్లో బూతులు. "కావాలనే పైకి కొట్టాడు. రక్తం ఎక్కడికి పోతుంది?"

నిల్దా మెట్ల మీది బూటు కాలితో తొయ్యబోయి, ఆగి, చేతిలోకి తీసుకుంది.

"ఎంత పాత బూటో. అడుగు మాత్రం అసలు అరగలేదేమిటి?"

ఎవరూ వినలేదు. అందరూ పక్కవాడి ఫోన్ మీదికి వంగారు. తోబియాస్ మైకు ముందు నిలబడి ఉన్నాడు.

"కొట్టకుండా అంతసేపు ఎందుకు ఆగావు?" అని అడిగాడు విలేకరి.

"మా తాత కోసం చూశానండి. నన్ను పెంచింది ఆయనే. ప్రతి ఆటకీ ముందే చెప్పిన సీట్లో కూర్చుంటాడు. నేను చూస్తే టోపీ తీస్తాడు, అప్పుడు కొడతాను."

"బయటికి వెళ్ళాడేమో?"

కుర్రాడు జెర్సీతో మొహం తుడుచుకున్నాడు.

"రెండు కాళ్ళూ చెక్కకాళ్ళేనండీ, ఎవరైనా మోసుకెళ్తే తప్ప సీట్లోంచి కదలలేడు," అన్నాడు.