అరకు మూడోవంతు కలిపితే

"ఐదోవంతు ముక్క ఏదీ? పెట్టెలో వెతుకు," అంది టీచరమ్మ.

శిష్యురాలు నిజంగానే వెతికింది. ఆరు పలకల పసుపు చెక్క ఒకటి. దాంట్లో సగమంత ఎర్రముక్క, మూడోవంతంత నీలం ముక్క, ఆరోవంతంత ఆకుపచ్చ ముక్కలు. అంతే.

"లేదు టీచర్."

"లేనిదాన్ని జవాబులోకి ఎక్కణ్నుంచి తెచ్చావు?"

శిష్యురాలు వేళ్లు మడిచింది. "ఒకటీ ఒకటీ రెండు. రెండూ మూడూ ఐదు. అందుకని ఐదింట రెండు..."

"అంటే అరనీ మూడోవంతునీ ఒకే గాటన కట్టేశావన్నమాట!"

పక్కగదిలో ఇంటాయనైన దర్జీ కుట్టుమిషను ఆపేశాడు. పాడు జ్వరం తలకెక్కి శిష్యురాలిని ఆర్నెల్లు మంచాన పడేసింది. పోతూ పోతూ లెక్కల్ని మూటగట్టుకుపోయింది. రేపు హెడ్మాస్టరు పిలిచి నాలుగు లెక్కలు అడుగుతానన్నాడు. చెబితే ఐదో తరగతిలోకి రానిస్తాడు. చెప్పలేకపోతే ఇక ఇంటిపట్టునే. ఆ మాట విన్నప్పట్నుంచి శిష్యురాలికి ముద్ద దిగడం లేదు.

"టీచరమ్మగారూ, కాస్త మంచినీళ్లు తాగి..."

"పాఠం మధ్యలో మాట్లాడితే మిమ్మల్నీ బెంచీ ఎక్కిస్తా!"

దర్జీ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"పసుపు చెక్క మీద ఎర్రముక్క పెట్టు. పక్కన నీలం. నిండిందా?"

"లేదు. కొంచెం మిగిలింది."

"కొంచెం అంటే ఎంత?"

శిష్యురాలు పెట్టెలోంచి ఆకుపచ్చ ముక్కలు ఏరింది. ఎర్రదాని మీద మూడు సరిగ్గా అతికాయి. నీలందాని మీద రెండు. మిగిలిన ఖాళీలో ఇంకొకటి పెట్టబోతుంటే చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

"ఇప్పుడు... అన్నీ ఒకే కొలత," అంది మెల్లగా. "మూడూ రెండూ ఐదు. టీచర్, ఆరింట ఐదు!"

దర్జీ బుద్ధెరిగిన దగ్గర్నుంచీ గుడ్డలు కత్తిరించి కలుపుతూనే ఉన్నాడు. కలపాలంటే ముందు రెంటినీ ఒకే కొలతకు దించాలని ఇలా ఎవరూ కళ్లకు కట్టినట్టు చూపించలేదు. అంతకన్నా ఆ మొహం! సన్నసూదిలోకి దారం దూరడం రోజూ చూసేదే. మనిషి తలలోకి ఒక సంగతి దూరడం మాత్రం ఇదే చూడటం. కదిలితే ఎక్కడ జారిపోతుందోనని ఊపిరి బిగబట్టాడు.

టీచరమ్మ వదల్లేదు. "మూడింట రెండుకు ఆరోవంతు కలుపు."

ఈసారి శిష్యురాలు ముక్కలు ముట్టలేదు. కళ్లు మూసుకుంది. వేళ్లు మాత్రం ఒళ్లో కదిలాయి.

"దొంగలెక్క టీచర్! మళ్లీ ఆరింట ఐదే!"

ముగ్గురూ పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక శిష్యురాలు మెల్లగా అడిగింది.

"రేపు అక్కడ భయమేసి మరిచిపోతే?"

"ముక్కలు తీసి పేర్చు. ఎవరూ నవ్వరు. నవ్వితే నాతో చెప్పు, నేను చూసుకుంటా."

టీచరమ్మ ముక్కలన్నీ పెట్టెలో సర్ది, పెట్టెను శిష్యురాలి చేతుల్లో పెట్టింది.

"ఇక మా ఐదో తరగతికి మళ్లీ నువ్వే టీచరువి, అమ్మా."