ఉన్నది ఉన్నట్టు

"మళ్లీ మొదటికే వచ్చావా? సెలవు దొరకదని నిన్నటి నుంచి మొత్తుకుంటున్నాను" అన్నాడు భర్త, చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ.

"మీకు దొరకదు, నాకు దొరుకుతుందా? ఇరవై జతల యూనిఫాంలు నా నెత్తిన కూర్చున్నాయి. బడికెళ్లి పాఠాలు రాసుకొచ్చేదెవరు?" టైలరమ్మ మిషను ఆపకుండానే అరిచింది.

"పిల్ల కళ్లు పసుపుముద్దల్లా ఉంటే పాఠాలేమిటే, పాఠాలు?" అంది అత్తగారు మంచం పక్క నుంచి.

"నెలాఖర్న పరీక్ష ఉంది అత్తయ్యా. తప్పితే కింది తరగతిలో కూర్చోబెడతామని చేర్చుకున్న రోజే చెప్పారు. మీరూ విన్నారుగా!"

"వింటే? కామెర్లను నేను పిలిచానా?"

ఇదే సందని భర్త వీధిలోకి జారుకున్నాడు.

కొత్త బడి. తెరిచిన మూడో రోజుకల్లా పిల్ల మంచమెక్కింది. మూడు వారాలు కదలొద్దన్నాడు డాక్టరు. ఊరందరి పిల్లలకూ బట్టలు కుట్టే తల్లికి ఏడాది మొత్తంలో ఊపిరాడనిది ఈ నెలలోనే. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆ సాయంత్రం గుమ్మంలో ఓ నడివయసు మనిషి నిలబడింది.

"కొలతలకైతే రేపు రండి."

"కొలతలకు కాదమ్మా. మీ పాప పాఠాలు." నాలుగు మడతల కాగితం చాపింది.

"ఎవరు రాశారు?"

ఆవిడ నవ్వింది. "పాప ఏమైనా తింటోందా?"

జవాబు చెప్పేలోపు వెనక నుంచి ఎవరో చొక్కా పొట్టయిందని గోల మొదలుపెట్టారు. తోటి పిల్లవాడి తల్లి కాబోలు, కొడుకుచేత రాయించి తెచ్చింది అనుకుంది టైలరమ్మ.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ. సరిగ్గా గుమ్మంలో జనం కిక్కిరిసే వేళకే. వచ్చినదానివి కాగితం ఇచ్చి పోవచ్చుగా! అబ్బే. "పాప నిద్రపోయిందా? నోటికి రుచి తెలుస్తోందా?" అంటూ తీరిగ్గా నిలబడేది.

కాగితాలు చూస్తే టైలరమ్మకు ఒళ్లు మండేది. పాఠం ఒక్కటే రాస్తే సరిపోదూ? తేదీ, హాజరు సంఖ్య, 'మాట్లాడరాదు' అన్న హెచ్చరిక, మాట్లాడినవాళ్ల జాబితా, అన్నీ ఉండేవి. సగం చెరిగిన వాక్యం సగమే ఉండేది. ఒకరోజు ఎవడో ఆకతాయి గీసిన గాడిద బొమ్మ కూడా వచ్చింది, తోకతో సహా.

"గాడిద బాగుందమ్మా" అంది పిల్ల, జబ్బుపడ్డాక మొదటిసారి నవ్వుతూ.

"ఎందుకు బాగుండదు? రాసినవాడిదీ అదే జాతి."

ఎంత విసుక్కున్నా గత్యంతరం లేదు. పిల్ల ఆ కాగితాలే దిండు కింద పెట్టుకుని చదివేది.

పన్నెండో రోజు టైలరమ్మ ఓపిక తెగింది. బోర్డుకు ఎడమ సగంలో లెక్క, కుడి సగంలో పద్యం ఉన్నట్టున్నాయి. ముందురోజు కాగితంలో రెండింటినీ కలిపి అడ్డంగా ఒకే వరుసలో రాసుకుపోయారు. కూడికకూ తీసివేతకూ నడుమ పద్యపాదం. పిల్ల పొద్దుట్నుంచీ దానితో కుస్తీ పట్టి, తల నొప్పెట్టి ఏడ్చింది.

"ఏమ్మా, లెక్కలో పద్యం కలిపేవాళ్లను ఎక్కడైనా చూశారా?"

ఆవిడ కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పింది. "తప్పు పడిందామ్మా?"

"తప్పా? కలగూరగంప! మీవాడు రాస్తే బుద్ధిగా రాయాలి, లేదా మానెయ్యాలి. ఇకమీదట తేనక్కర్లేదు, వెళ్లండి."

గుమ్మంలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు.

"అలాగేనమ్మా." వెళ్లబోతూ ఆగింది. "పాప కళ్లు తెల్లబడ్డాయా?"

టైలరమ్మ అప్పటికే మిషను తొక్కుతోంది.

మళ్లీ ఆవిడ రాలేదు. ఒక తలనొప్పి వదిలిందనుకుంది టైలరమ్మ.

పిల్ల లేచి తిరిగింది, బడికెళ్లింది, పరీక్ష రాసింది. కాగితాలు వచ్చిన రోజుల పాఠాలన్నీ పొల్లుపోకుండా రాసింది. రాని వారం పాఠాల్లో ఒక్క ముక్క తెలియలేదు. అయినా ఎలాగో గట్టెక్కింది.

టైలరమ్మ ఫలితం తెలిసిన మధ్యాహ్నమే బడికి వెళ్లి క్లాసు టీచరును పట్టుకుంది.

"ఆ రాసిచ్చిన పిల్లవాడెవరో చూపించండి. వాళ్లమ్మను విసుగులో నాలుగు మాటలన్నాను."

"పిల్లవాడా? గదులు ఊడ్చే ఆవిడే కదండీ తెచ్చింది" అంది టీచరు. "మీ పాప మొదటి రెండు రోజులూ అందరూ వెళ్లాక కూడా కూర్చుని, 'ఇంకో రెండు వరుసలే, తుడవొద్దు' అని ఆవిడను బతిమాలిందట. మూడో రోజు కనపడకపోతే నన్నడిగి మీ ఇల్లు తెలుసుకుంది. పాత కాగితాలు ఇమ్మంది. బోర్డు తుడిచే ముందు గంటకు పైగా దాని ముందే కూర్చునేది."

"ఇప్పుడెక్కడుంది?"

"పోయిన వారమే పని మానేసింది. పొరుగూళ్లో కూతురి దగ్గర ఉంటోంది."

టీచరు అడ్రసు రాసిచ్చింది. ఆవిడ గురించి ఇంకా ఏదో చెప్పింది. టైలరమ్మ దారి పొడుగునా తల ఎత్తలేదు.

ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్నారు.

"ఇంతోటిదానికి ఆ మొహమేమిటి? అడ్రసు ఉందిగా, ఓ ఉత్తరం రాసి పడెయ్" అన్నాడు భర్త.

"రెండు ముక్కలు నేనూ రాస్తానమ్మా" అంది పిల్ల.

"ముందు ఆ మిగిలిన లాగులు కుట్టి ఇవ్వు తల్లీ, పొద్దున్నే వచ్చి నా ప్రాణం తీస్తున్నారు" అంది అత్తగారు.

టైలరమ్మ వడ్డించడం ఆపింది.

"ఆదివారం నేను మిషను ముట్టను. నేనూ పిల్లా ఆవిడ దగ్గరికి వెళ్తున్నాం" అంది నెమ్మదిగా. "ఉత్తరం పంపితే చదువుకోలేదు. అన్ని కాగితాలూ బొమ్మ గీసినట్టు గీసి తెచ్చింది గానీ, ఆవిడకు ఒక్క అక్షరం కూడా రాదట."