తీతువు బిడ్డ తప్పిపోయిన రోజు

ఎండిన చెరువులో తీతువు పిట్ట బిడ్డ కనబడలేదు. గద్ద నీడ పడగానే "నక్కు" అని అరిచి తల్లి పైకి లేచింది. దిగేసరికి బిడ్డ ఏ రాళ్ళ మధ్య నక్కిందో తెలియలేదు. గోల ఉన్నంతసేపూ కదలొద్దని, పలకొద్దని తనే నేర్పింది. సద్దుమణిగాక పిలిస్తే పలుకుతుంది.

సద్దుమణగలేదు. తుమ్మచెట్టు నిండా కాకులు, గోరింకలు చేరాయి.

"పొద్దున దీని పక్కన ఇంకో మొగపిట్టని చూశాను," అంది కాకి.

"నిజంగానా వదినా?" అంది గోరింక.

"చూసినట్టే. బిడ్డ పోయినదానికి ముక్కు మీద ఆ ఎరుపేమిటి?"

"పుట్టుకతో వచ్చింది," అంది తీతువు.

తండ్రి తీతువుని గోరింక చెట్టు నీడన కూర్చోబెట్టింది. "పాపం, పురుగైనా ముట్టలేదు మహానుభావుడు."

తీతువు పిలుస్తూనే ఉంది. ఆ గోలలో తన గొంతు తనకే వినబడలేదు. "మీ కాళ్ళకి మొక్కుతాను, కాసేపు ఊరుకోండి. అది పలుకుతుంది."

"విన్నారా, మన నోళ్ళు మూయిస్తోంది. ఏదో దాస్తోంది," అని కాకి పక్క చెట్టుకి కేకేసింది. పక్క చెట్టు కూడా వచ్చింది.

సాయంత్రం అవతలి గట్టున ఉడత కాపురం కూలిందని తెలిసి అందరూ అటు ఎగిరిపోయారు. తీతువు పిలిచింది. జవాబు లేదు. వెతగ్గా వెతగ్గా రాళ్ళ మధ్య బిడ్డ దొరికింది. చెప్పిన మాట విని, కదలకుండా, ఎండకి మాడిపోయి ఉంది.

మర్నాడు గోరింక కాకితో కలిసి వచ్చి కళ్ళొత్తుకుంది.

"పొద్దస్తమానం ఇక్కడే ఉన్నాం కదా వదినా. కన్నతల్లి ఒక్కసారైనా పిలిచినట్టు విన్నావా?"

"లేదమ్మా," అంది కాకి.