బుజ్జి పుట్టినరోజు గౌను

బుజ్జి కళ్ళు తెరవడం లేదు. పాలసీసా నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకుంది.

ఖమర్ జహాన్ ఆ వీడియో నాలుగోసారి చూసింది. కుట్టుమిషను మీద చెయ్యి అలాగే ఆగిపోయింది.

బుజ్జి కోతిపిల్ల. తిరుపతిలో చక్రధర్ అనే అతను పెంచుతున్నాడు. తల్లి కారు కింద పడి చచ్చిపోతే ఈ పసిదాన్ని తెచ్చి కాపాడానని మొదటి వీడియోలోనే చెప్పాడు. గౌను తొడిగి, బొట్టు పెట్టి, పాలు పట్టే ఆ వీడియోలకు లక్షల మంది అభిమానులు. ఆ గౌన్లన్నీ నగరిలో ఖమర్ జహాన్ కుట్టినవే.

ఆమె దగ్గర కొలతలిచ్చే అలవాటు ఎవరికీ లేదు. పాత జాకెట్టొకటి ఆది అని పడేసి పోతారు. పక్కింటి మునెమ్మ పదేళ్ళ కిందటి ఆది ఇచ్చి, జాకెట్టు బిగుతైందని పోట్లాటకు వస్తుంది. చక్రధర్ కూడా అంతే. రెండేళ్ళ కిందట, బుజ్జి పసిగుడ్డుగా ఉన్నప్పుడు, ఒక బుల్లి గౌను పంపాడు. ఎప్పుడు ఫోన్ చేసినా "అదే ఆదికి కుట్టక్కా" అంటాడు. తోక కోసం వెనక చీలిక పెట్టి, పెరిగే పిల్ల కదా అని పక్కల్లో రెండు వేళ్ళ గుడ్డ మడిచి, ఆమె కుట్టి బస్సుకు వేసేది. ఆ గౌను మర్నాడు వీడియోలో కనబడితే ఆమెకు పండగే.

"నిద్దర పోతా ఉండాది లేక్కా," అంది మునెమ్మ ఫోన్లోకి తొంగిచూసి. "ఎంత ముద్దుగా ఉండాదో సూడు. లక్షమంది సూసినారు, వాళ్ళకు తెలీదా?"

"ముగ్గురు బిడ్డల్ని పెంచినాను మునెమ్మా. నిద్రేదో నీరసమేదో నాకు తెలీదా? ఆ డొక్క సూడు, ఎట్ల ఎగురుతా ఉండాదో."

మునెమ్మ చెవిన వేసుకోలేదు. రెండేళ్ళ కిందటి దాకా మేడ మీదికి కోతి వస్తే కర్ర తీసిన మనిషి. ఇప్పుడు గోడ మీద అరటిపండ్లు పెడుతోంది.

"మా మనవరాలు ఒకటే మారాం అక్కా, అట్టాంటిది కావాలని. ఆయప్పను అడిగి మాకూ ఒకటి తెప్పించరాదూ?"

ఖమర్ జహాన్ చక్రధర్‌కు ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్. కోడలు యాస్మిన్ చేత వీడియో కింద రాయించింది: బిడ్డను డాక్టరుకు చూపించండి. పది నిమిషాల్లో జవాబులొచ్చాయి. నవ్వే బొమ్మలు కొన్ని. ఇలాంటి కళ్ళు పడే బుజ్జి నీరసపడింది, దిష్టి తీయండన్నా అని ఒకరు.

మూడు రోజులు వీడియో లేదు. ఇంతకు ముందూ ఇలా జరిగింది. వారం, పది రోజులు కనబడదు. ఖమర్ జహాన్‌కు అన్నం సహించదు. తర్వాత బుజ్జి గంతులేస్తూ వస్తుంది. "జలుబక్కా, తగ్గిపోయినాది," అంటాడు చక్రధర్. కానీ ఈసారి ఆ డొక్క ఎగరడం ఆమె కళ్ళారా చూసింది. ఆ పిల్ల చచ్చిపోతోందని, చూసిన లక్షమందిలో తనకొక్కతికే తెలుసని ఆమె పదేపదే చక్రధర్ నంబరు నొక్కుతూనే ఉంది.

నాలుగో రోజు బుజ్జి రెండో పుట్టినరోజు. గులాబీరంగు గౌను వారం కిందటే కుట్టి పెట్టింది. దాన్ని సంచిలో వేసుకుని తిరుపతి బస్సెక్కింది.

పుత్తూరు దాటాక రోడ్డు పక్కన కోతుల గుంపు. బస్సు నెమ్మదించగానే జనమంతా ఫోన్లు తీసి కిటికీల్లోంచి బిస్కెట్లు విసిరారు. తల్లి పొట్టకు కరుచుకున్న పసిదాన్నీ, రెండేళ్ళకే పిల్లి అంతై దూకుతున్న దాన్నీ, అన్నిటినీ "బుజ్జీ, బుజ్జీ" అనే పిలుస్తున్నారు. ఖమర్ జహాన్ అటు చూడలేదు. నా ఆయుష్షులో కాస్త తీసి దానికియ్యి అల్లా అని కళ్ళు మూసుకుంది.

చక్రధర్ తలుపు తీసి తెల్లబోయాడు.

"బస్సుకేసుంటే సాలు గదక్కా. నువ్వెందుకొచ్చినావు?"

"బిడ్డ యాడుంది?"

"లోపల."

"నిజం చెప్పు నాయనా. బతికుండాదా?"

అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి నవ్వేశాడు. "బతక్కేమి? రా, నువ్వే సూద్దువు."

బుజ్జి గది మూల నక్కి ఉంది. వీళ్ళను చూడగానే కీచుమని అరిచింది. కళ్ళు మిలమిలా మెరుస్తున్నాయి. పట్టుకోబోతే చక్రధర్ చెయ్యి గీరి, కిటికీ ఊచలెక్కింది. ఖమర్ జహాన్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అరిచే ఓపిక ఉందంటే బాగున్నట్టే. అక్కడే నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"వణుకుతా ఉండాదే," అంది కాసేపటికి.

"కొత్త మనుషుల్ని సూస్తే అంతేక్కా. నువ్వే తొడుగు. లైవ్ పెడతాను. పొద్దన్నించీ జనం కాసుకోనుండారు."

ఫోన్ తెర మీద ఎర్రటి గుండె బొమ్మలు బుడబుడమని పైకి లేచాయి. అతను రెండు చేతులతో బుజ్జిని అదిమి పట్టుకున్నాడు. ఖమర్ జహాన్ కళ్ళు తుడుచుకుని, "అప్పుడే రెండేళ్ళు నిండినాయా తల్లీ నీకు," అంటూ ఆ పుల్లల్లాంటి చేతుల్ని గౌనులో దూర్చి, వీపు మీద హుక్కు పెట్టింది.

తొలినాటి ఆదికి కుట్టిన ఆ గౌను, పక్కల్లో మడిచిన గుడ్డ ఒక్క కుట్టైనా విప్పే పని లేకుండా, రెండేళ్ళు నిండిన బుజ్జికి సరిగ్గా సరిపోయింది.