నాన్న శ్రద్ధ

విడాకులయ్యాక పదేళ్లు కూతురి ముఖమైనా చూడని కాంట్రాక్టరు, స్కూల్లో ఆఖరిదైన పన్నెండో తరగతి ఏడాది మాత్రం రోజూ ఫోన్ చేసి "బాగా చదువు తల్లీ, ఒక్క సబ్జెక్టూ పోకూడదు" అని ప్రాణం పెట్టి చెప్పేవాడు.

ఫలితాల రోజున పరుగున వచ్చాడు. కూతురు పాసయిందని వినగానే ఆయన కళ్లు చెమర్చాయి.

"సర్టిఫికెట్ కాపీ ఒకటియ్యమ్మా."

"ఫ్రేము కట్టిస్తారా నాన్నా?"

"కోర్టులో ఇవ్వాలి. స్కూలు అయిపోయిందిగా, ఇక నెలనెలా నీ ఖర్చులకి పంపక్కర్లేదు."

కూతురు లోపలికెళ్లి రెండు కాగితాలు తెచ్చింది.

"తీర్పులో స్కూలని లేదు నాన్నా, చదువు పూర్తయ్యేదాకా అని ఉంది. ఇదేమో కాలేజీ సీటు. ఐదేళ్లు."

"ఏం చదువు?" అన్నాడాయన నీరసంగా.

"లా. మీ విడాకుల తీర్పు చదివాకే దాని మీద ఇష్టం పుట్టింది."