గుమ్మం దగ్గర మనిషి

మడత చెదరకుండా గుండెలకి హత్తుకుని తెచ్చిన నల్లకోటుని లాయరమ్మ గుమ్మం దగ్గరుండే ఆ మనిషి ఒక్క విదిలింపుతో పాడుచేశాడు.

"నీ చేతులు పడిపోను! గంటసేపు చేశానయ్యా!" లబోదిబోమంది ఇస్త్రీ అక్క.

"జేబులు చూడాలక్కా."

"కోటులో కత్తి పెట్టి తెస్తానా?"

"ఎవరేం తెస్తారో మనకేం తెలుసు!"

మిల్లుకి నిప్పు పెట్టాడని ఆమె భర్తని జైల్లో వేసి ఏడాదైంది. మిల్లు యజమానికి జడిసి ఏ లాయరూ ఆ కాగితాలు ముట్టలేదు. ఈ లాయరమ్మ ఒక్కతే పైసా తీసుకోకుండా కేసు పట్టింది. ఆ రోజు నుంచీ బెదిరింపు ఫోన్లే.

ఇస్త్రీ అక్క చేయగలిగిందల్లా వాయిదా వాయిదాకీ ఆమె కోటు ఇస్త్రీ చేసి తేవడం.

"ఆ రౌడీమొహాన్ని ఎందుకు పెట్టుకున్నారమ్మా? చూస్తేనే ఒళ్ళు మండుతుంది."

లాయరమ్మ నవ్వింది. "పొమ్మన్నా పోడు."

ప్రతిసారీ ఇదే తంతు. అతను విదిలించేవాడు, ఆమె తిట్టేది. ఒకసారి పాపం, తనే మడత వేయబోయి ఇంకా నలిపేశాడు.

ఆఖరి వాదనల రోజు పొద్దున్నే యజమాని మనుషులు నలుగురు కర్రలతో వచ్చారు.

అతను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మా, పెరటి తలుపు!" అని కేకేశాడు.

లాయరమ్మ పెరటిదారిన పరుగెత్తి, పోలీసులకి ఫోన్ చేస్తూనే కోర్టు చేరింది. వాదన చివరిదాకా వినిపించింది.

పది రోజులకి ఇస్త్రీ అక్క భర్త నిర్దోషిగా బయటికొచ్చాడు.

దంపతులిద్దరూ కాళ్ళ మీద పడబోతే లాయరమ్మ పట్టి ఆపింది.

"దణ్ణం ఆయనకి పెట్టాలి. ఆ రోజు తిన్న కర్రదెబ్బలకి నిన్న ఆసుపత్రిలో పోయాడు."

ఇస్త్రీ అక్క చెంపలు వేసుకుంది. "అయ్యో, ఎన్నేసి మాటలన్నాను! నా ఇంటి దీపం నిలబెట్టి పోయాడే!"

ఖాళీ గుమ్మానికి రెండు చేతులూ జోడించింది.

"మీకేమవుతాడమ్మా? సొంత అన్నా?"

"ఏమీ కాడు. మూడేళ్ళ కిందట ఆయన తరఫున వాదించడానికి ఏ లాయరూ ఒప్పుకోలేదు. లాయరు లేకుండా ఎవరికీ శిక్ష పడకూడదని, మా సీనియర్ని నేనే బతిమాలి ఒప్పించాను."

"అంత పాపం ఏం చేశాడమ్మా?"

"ఎవరో పంపితే వచ్చి, నా చెయ్యి విరగ్గొట్టాడు."